మూతపడని మెలిక

పొడుపు 84

ఈ పుస్తకం హేమావతిది. ఎనభై రెండో పొడుపు దాకా ఆమె చేతిరాత. ఎనభై మూడు కింద ఏమీ లేదు. ఇక్కడి నుంచి ఆమె భర్తను, నరహరిని, నేను రాస్తున్నాను. మా ఇంట్లో పచ్చబొట్టు పొడవడం నా పని. దానికి కావలసిన బతికున్న పసరు సాకడం, పుస్తకం రాయడం ఆమె పని. పంతొమ్మిదేళ్ళు అలాగే నడిచింది.

ఎనభై మూడో పొడుపు రాయలేదు గాని జరిగింది. హేమావతి పోయిన నాలుగో రోజు అది. మైలలో సూది పట్టకూడదని మా చిన్నత్త గుమ్మానికి అడ్డం నిలబడింది. పొడిపించుకోవాల్సిన సుంకమ్మ ఆమె చేతి కింద నుంచి దూరి లోపలికొచ్చి, రవిక వెనక ముడులు విప్పుకొని బల్ల మీద బోర్లా పడుకుంది.

"మైల మీకు పెద్దమ్మా, నా ఈపుకు కాదు," అంది. "దానికి పదైదు దినాలకొకసారి కూడు పెట్టకుంటే సస్తాది. పొడువన్నా."

పొడిచాను.

ఆమె అన్నది నిజమే. గీత మూసుకునే దాకా వీపులోని పసరుకు పదిహేను రోజులకొకసారి ముంతలోని పసరు అందాలి. ఆ ముంత కూడా ఆ మనిషి నెత్తురుతో మొదలుపెట్టిందే అయ్యుండాలి. ఇంకొకరిది పనికిరాదు. అందుకే మొదటి చుక్క పెట్టేముందు ఇద్దరం మాట ఇచ్చుకుంటాం. నాలుగేళ్ళు, తొంభై ఆరు పొడుపులు. ఆమె రాక మానదు, నేను ఊరు దాటను. రెండో ఏడు సుంకమ్మకు చీలమండ విరిగితే భర్త తిక్కస్వామి భుజాన వేసుకొని తెచ్చాడు. మూడో ఏడు నాకు ఎండదెబ్బ తగిలితే సుంకమ్మే నా తలకు తడిగుడ్డ చుట్టి, సూది చేతికిచ్చింది.

ఈ రోజు నాలుగు వేళ్ళ పొడవున గీత పడింది. రంగు బాగుంది.

ఇంటి సంగతి. పదకొండో రోజున ఇల్లంతా కడిగాం. హేమావతి ముట్టిన గుడ్డలన్నీ ఉడకబెట్టి ఉతికాను. తాను చేస్తానని చిన్నత్త అంది. నేనే చేశాను.

84 తర్వాత తొమ్మిదో రోజు

పొద్దున సైరను మోగకముందే, పైన మైదానమంతా పాతిన పెద్ద అద్దాలు ఇంకా నేల వైపు వంగి ఉన్నప్పుడే, పైకెళ్ళి రెండు బిందెలు నీళ్ళు తెచ్చుకోవాలి. సైరను మోగి అద్దాలు పైకి తిరిగాక మేముండే కందకంలోంచి తల బయటపెట్టగలిగేది పచ్చబొట్టు పూర్తయి ఒంటికి నీడ పట్టినవాళ్ళే. ఆ వెలుతురుకు గొడుగూ ఆగదు, గుడ్డా ఆగదు.

తర్వాత రాగి గంజి కాచాలి. తేట వంచి, చిటికెన వేలు ఓర్చుకునే వేడికి వచ్చాక ముంతలో ఒక గరిటె పోయాలి. ముంత మూతికి వాసెన గుడ్డ కట్టాలి. హేమావతి ఇవన్నీ రాసిపెట్టింది. ఆమె రాసినట్టే చేస్తున్నాను. సాయంత్రానికి నురగ రావాలి. వస్తోంది. మునుపటంత కాదు.

పొడుపు 85

సుంకమ్మది రేయి కూలి. చీకటి పడ్డాక అద్దాలకు పట్టిన దుమ్ము తుడుస్తుంది. తిక్కస్వామికి నీడ ఉంది కాబట్టి పగలంతా అద్దాల మధ్యే పని. సాయంత్రం అద్దాలు వంగాక, మెత్తటి ఎండలో, ఆమె పనికి బయలుదేరుతుంది, అతను తిరిగొస్తుంటాడు. దారి మధ్యలో కలుస్తారు. అరగంట. ఇద్దరికీ ఇంట్లో ఒకటే మంచం.

"నేను పండుకునే యాలకు ఆయప్ప పండుకున్న గుంత ఎచ్చగుంటాదన్నా," అంది ఈ రోజు, గడ్డం కింద చేతులు పెట్టుకొని. "మనిషి ఉండడు గాని గుంత ఉంటాది. నాలుగేండ్లుగా గుంతతోనే కాపురం."

"ఇంకో ఐదున్నర నెలలు," అన్నాను.

"అయినాక ఇద్దరికీ పగలు పని, రాత్రి మంచం. మంచం సాలదని కొట్టుకుంటాం సూడు."

ఆమె నవ్వితే వీపు కదులుతుంది. నవ్వొద్దన్నాను.

ఆమె వీపు మీద ఉన్నది మెలికల ముగ్గు. మొదటి రోజు పలక మీద పదకొండు ముగ్గులు వేసి చూపిస్తే అన్నిటికంటే చిక్కుముడిగా ఉన్నదాన్ని ఎంచుకుంది. చుక్కలన్నిటినీ చుట్టుకొస్తూ ఒకటే గీత. బయలుదేరిన చోటికే వచ్చి కలవాలి. కలిస్తే ఇక దానికి ముంతతో పని లేదు. గీత నుంచి నీడ పుట్టి, నూనె రాసినట్టు నల్లగా వీపంతా, ఒళ్ళంతా పాకుతుంది. తర్వాత ఏ ఎండా ఆ మనిషిని ఏమీ చేయదు.

కలవకముందే గీత చస్తే ఆ చర్మం మునుపటిలా కూడా ఉండదు. దానికి సాయంత్రపు ఎండ సైతం పడదు, పైన ఏం కప్పుకున్నా సరే. అంటే సుంకమ్మకు ఆ అరగంట కూడా ఉండదు.

ఈ రోజు పసరు పల్చగా ఉంది. గంజిలో నీళ్ళు ఎక్కువయ్యాయేమో.

85 తర్వాత ఆరో రోజు

గంజి చిక్కగా కాచాను. నురగ ఇంకా తగ్గింది.

నేను కాలేజీలో చదివింది సూక్ష్మజీవశాస్త్రం. ఆ రోజుల మైక్రోస్కోపు పెట్టెలోంచి తీసి తుడిచాను. హేమావతికి దానితో ఎప్పుడూ అవసరం పడలేదు. ముంత దగ్గర ముఖం పెట్టి వాసన చూసి చెప్పేది. పెళ్ళైన కొత్తలో నేను నవ్వేవాణ్ణి. ఆమె చెప్పింది తప్పని రుజువు చేయడానికి లెక్కపెట్టేవాణ్ణి. ఎప్పుడూ తప్పు కాలేదు.

పోయిన ఏడు ఇదే ముంతలో గడికి నలభై కణాలు లెక్కపెట్టిన గుర్తు ఉంది. ఈ రోజు పదిహేడు. మూడుసార్లు లెక్కపెట్టాను. పదిహేడు, పదహారు, పదిహేడు.

పొడుపు 86

నీళ్ళు తగ్గించి పొడిచాను. రంగు నల్లగానే పడింది.

"ఏమన్నా, ఈసారి మంటే లేదే?" అంది సుంకమ్మ.

బతికున్న పసరు చర్మంలోకి దిగేటప్పుడు మండుతుంది. నాలుగేళ్ళుగా ఆమె పళ్ళు బిగపట్టి ఓర్చుకున్నది ఆ మంటనే.

"చేయి తేలికపడింది," అన్నాను.

"వదిన పోయినాక నీ చేయి బరువెక్కిందని మా ఆయనతో అంటాంటి. తేలికపడిందా? మంచిదేలే. కూడు సరిగ్గా తింటాండావా?"

"తింటున్నాను."

"ఏం తింటాండావో. గంజి ముంతకే పోస్తివా, నువ్వూ తాగితివా?"

తింటున్నానన్న రెండో మాట కూడా అబద్ధమే. నాలుగేళ్ళలో ఆమెకు నేను అబద్ధం చెప్పడం ఇదే మొదలు. రాసిపెడుతున్నాను.

86 తర్వాత మూడో రోజు

తొమ్మిదో వరుస కందకానికి మూత బండిలో రెండు గంటల దారి. ముంత ఒడిలో పెట్టుకొని వెళ్ళాను. అక్కడ మాబున్ని అనే ముసలామె అరవై ఏళ్ళుగా పసరు సాకుతోంది. హేమావతికి ఆమె మీద గౌరవం.

మాబున్ని ముంత వాసన చూసింది. గంజి ఏం పోస్తున్నావని అడిగింది. చెప్పాను. వేడి ఎంతని అడిగింది. చెప్పాను. ముంత ఎక్కడ పెడుతున్నావంది. అదీ చెప్పాను. అన్నీ సరిగానే ఉన్నాయంది. తర్వాత వాసెన గుడ్డను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. ఇంకోసారి నలిపింది.

"ఇది కొత్తదా నాయనా?"

"పాతదే. హేమావతిదే."

"మరి ఇంత తెల్లగుండాదేంది?"

"ఉతికాను."

ఆమె గుడ్డను ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవురు ఉతకమన్న్యారు?"

"పదకొండో రోజు ఇల్లంతా కడిగాం. అప్పుడు."

"పసరు గుడ్డ ఎవురన్నా ఉతుకుతారా అప్పా? దాని తోడంతా ఈ గుడ్డలోనే గదా ఉండేది. గంజిని నమిలి ముంతకు పెట్టేది ఇదే. ఇది లేకుంటే నువ్వు ఎంత పోసినా అది తినల్యాదు. నీ పెండ్లాం దీన్ని వాళ్ళమ్మ దగ్గర్నుంచి తెచ్చుకున్నింటాది. వాళ్ళమ్మ వాళ్ళవ్వ దగ్గర్నుంచి. ఆడపిల్ల పెట్టెలో మొదుట పెట్టేది ఇదే, చీరలు గూడ తర్వాతే." నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "సదువుకున్నోడివంట గదా. తెల్దా నీకు?"

తెలియాలి. గుడ్డ పోగుల్లో ఏమేం బతకగలవో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ రోజు నాకది హేమావతి చేతి మరకలున్న గుడ్డ, అంతే. మరకలు పోయేదాకా మూడుసార్లు నీళ్ళు మార్చి ఉడకబెట్టాను. ఆమెకు చేయగలిగిన పనుల్లో అదొక్కటైనా సరిగ్గా చేయాలనుకున్నాను.

తిరిగొచ్చి ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. గంజి ఉంది, వేడి ఉంది, నురగ ఉంది, చలికాలంలో ముంత చుట్టూ పొట్టు ఎంత పోయాలో ఉంది. గుడ్డ ఉతకొద్దని ఎక్కడా లేదు. ఎవరూ ఉతకరు కాబట్టి ఆమె రాయలేదు.

మాబున్ని తన గుడ్డ అంచు జానెడు చింపి ఇచ్చింది. తమ ఇంటి తోడు మా పసరుకు ఒప్పుతుందో లేదో తాను చెప్పలేనంది.

86 తర్వాత పదో రోజు

ఒప్పలేదు. రెండు రోజులు నురగ పొంగింది. నేను నమ్మాను. మూడో రోజు పుల్లటి వాసన వచ్చింది. తర్వాత పసరు విరగడం మొదలైంది. విరిగింది పారబోసి, అడుగున ఉన్నది వేరే ముంతలోకి వంచాను. రెండు గరిటెలు మిగిలింది.

సుంకమ్మ నెత్తురు తీసి కొత్త ముంత పెట్టాలంటే తోడు కావాలి. ఆ తోడు నేను ఉడకబెట్టాను. తోడు దొరికినా ముంత చేతికి రావడానికి ఏడాది పడుతుంది. వీపులోని గీత ఏడాది ఆగదు.

అప్పటి నుంచి పలక ముందు కూర్చుంటున్నాను. గీత ఎక్కడ తెంచి ఎక్కడ కలిపితే అన్నిటికంటే దగ్గరవుతుందో వెతుకుతున్నాను. మెలిక చిన్నదైనా మూసుకుంటే చాలు. నీడ వీపంతా పాకడానికి నెలలకు బదులు ఏళ్ళు పడుతుంది, అంతే. ఇరవై మూడు దారులు చూశాను. పొట్టిదాని పొడవు ఐదు వేళ్ళు. వెన్నెముక మీదుగా.

పొడుపు 87

ఆమె బల్ల ఎక్కకముందే చెప్పాను. సుంకమ్మ నిలబడే వింది.

"ఉతికినావా?"

"ఉతికాను."

"ఉడకబెట్టి?"

"ఉడకబెట్టి."

"ఎన్ని దినాలాయ నీకు తెలిసి?"

"పసరు తగ్గిందని మూడు వారాలుగా తెలుసు. ఎందుకో తెలిసింది పన్నెండు రోజుల కిందట."

"పోయినసారి మంట లేదంటే చేయి తేలికపడిందంటివి."

"అన్నాను."

ఆమె గొంతు పెద్దది కాలేదు. పెద్దదైతే బాగుండేది.

"కాలిరిగినప్పుడు వచ్చినా. మా నాయన సచ్చిన దినం, పీనిగె ఎత్తినాక నేరుగా ఈడికే వచ్చినా. పండుకోమంటే పండుకుంటి, నవ్వద్దంటే నవ్వు ఆపుకుంటి. నేను ఒగ దినమన్నా తప్పినానా అన్నా?"

"లేదు."

"నువ్వు తప్పినావు."

"అవును."

బల్ల అంచున కూర్చుంది. కాళ్ళు నేలకు అందవు ఆమెకు. చాలాసేపు పాదాలు చూసుకుంటూ కూర్చుంది.

"మా అమ్మ సచ్చినప్పుడు నేను దువ్వెన గూడ ఉడకబెట్టినా," అంది చివరికి. "పండ్లన్నీ వంకర పోయినాయి. సరే. ఇప్పుడేం సేద్దాం?"

పలక చూపించాను. గీత ఎక్కడ తెగుతుందో, ఎక్కడ కలుస్తుందో వేలితో చూపించాను. ఎడమవైపు చుక్కలన్నీ బయటే ఉండిపోతాయని చెప్పాను. ముగ్గు చెడిపోతుందన్నాను.

"నా ఈపు నేనెప్పుడన్నా సూసుకుంటినా? సూసేది నువ్వూ మా ఆయనా. నీకు బాగలేకుంటే కండ్లు మూసుకో."

"మూసుకుంటే పొడవలేను."

"అయితే తెర్సుకొనే పొడువు."

ఆమె బోర్లా పడుకుంది. పక్కింటి వాళ్ళతో తిక్కస్వామికి కబురు పంపాను. పని మధ్యలో వదిలి నేరుగా వచ్చాడు. పెద్ద మనిషి, ఒంటి నిండా నిగనిగలాడే నలుపు, దాని మీద దుమ్ము. జరిగిందంతా చెప్తే తలొంచుకొని విన్నాడు. ఆమె పాదాల దగ్గర గొంతుక్కూర్చొని రెండు మడమలూ పట్టుకున్నాడు.

వెన్నెముక మీద చర్మం కింద ఎముకే. సూది దిగిన ప్రతిసారీ ఆమె నడుము ఎగిరేది.

"నొప్పా మే?" అన్నాడు తిక్కస్వామి.

"ల్యా, సుకం. నువ్వు వచ్చి పండుకో."

"మాటకేం తక్కువ లేదు."

"మంట ఉందా?" అని నేను అడిగాను.

"ఉండాది. కొంచెం. సీమ కరిసినంత."

మూడో వేలు దాకా పసరు సరిపోయింది. నాలుగో వేలికి ముంత గోడలు గీరాను. ఐదో వేలు సగంలో సూది పొడిగా దిగుతోంది. ముంత ఒంపి ఆరు చుక్కలు పట్టాను. అద్దాలు పూర్తిగా వంగిన వేళకు గీత కలిసింది.

తిక్కస్వామి లేచి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని, కలిసిన చోటునే చాలాసేపు చూశాడు. ముట్టుకోలేదు.

87 తర్వాత మూడో రోజు

కుడి భుజం కింద నీడ పుట్టింది. నిమ్మకాయంత. తిక్కస్వామి పని మధ్యలో సెలవడిగి, మిట్టమధ్యాహ్నం, సెగలు కక్కుతూ వచ్చి చెప్పాడు.

"వచ్చినాదన్నా! రుద్దినా, పోల్యా. తడిపినా, పోల్యా. నా ఈపు మాదిరే ఉండాది!"

వెళ్ళి చూశాను. నిజమే. నిమ్మకాయంత ఉంది. సుంకమ్మ రాగి సంగటి ముద్ద పెట్టింది. తిన్నాను. మంచం ఎవరు ఏ పక్క పడుకోవాలన్న దాని మీద వాళ్ళిద్దరూ నా ముందే వాదించుకున్నారు.

87 తర్వాత ఆరో రోజు

నీడ లేదు. వెన్నెముక మీద, నాలుగో వేలూ ఐదో వేలూ కలిసే చోట గీత తెగింది. నువ్వుగింజంత సందు. భూతద్దం పెట్టి చూస్తే గాని కనిపించదు.

ముంతలో నీళ్ళు పోసి తిప్పి ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టాను. కదిలేది ఏదీ లేదు. సాయంత్రం దాకా చూశాను.

నువ్వుగింజంత సందుకు ఒక్క చుక్క పసరు చాలు.

87 తర్వాత ఎనిమిదో రోజు

మాబున్నికి కబురు పంపాను, ఏదైనా దారి ఉందా అని. బండివాడు తిరిగొచ్చి, ఆమె ఏమీ చెప్పలేదన్నాడు. ఒక సీసాలో ఆముదం ఇచ్చి పంపింది. పసరు చచ్చేటప్పుడు చర్మం బిగుసుకుంటుంది, అందుకు.

ఎడమ నడుము దగ్గర బూడిద రంగు మొదలైంది.

పొడుపు 88

ముంత లేదు. సూదులు నూనె రాసి పెట్టెలో పెట్టేశాను. పదిహేనో రోజు కదా అని ఎందుకో బల్ల తుడిచాను. సుంకమ్మ ఎప్పటి వేళకే వచ్చింది. కందకంలోంచే కాబట్టి రాగలిగింది.

"పొడవడానికి ఏమీ లేదు సుంకమ్మా," అన్నాను.

"తెల్సు. ఆముదం రాయి."

పడుకుంది. వీపు మీద మూడొంతులు బూడిద రంగుకు వచ్చింది. చుక్కలూ మెలికలూ ఇంకా తెలుస్తున్నాయి, పొయ్యి ఆరాక ఇటుక మీద మిగిలే గీతల్లా. బతికున్నది కుడి భుజం దగ్గర ఒక పాయ. దాని మీదుగా ఆముదం రాయడం మొదలుపెట్టాను. వేలు పెట్టిన చోటల్లా ఆమె ఊపిరి బిగపట్టింది.

"మొన్న పోయినా," అంది. "ఆ దారికి. అద్దాలు వంగినాక, ఎండ మెత్తబడినాక, రెండు దుప్పట్లు కప్పుకొని. సగం గూడ పోలేకపోతి. ఈపున నిప్పులు పోసినట్లాయ. ఆయప్ప దూరంనుంచి సూసినాడు. పరిగెత్తుకొస్తాంటే వద్దని చెయ్యూపినా. ఆయప్పా చెయ్యూపినాడు. ఆన్నే నిలబడినాడు. నేను ఎనక్కి తిరిగి వచ్చేస్తి."

సీసా వంచి ఇంకాస్త ఆముదం చేతిలో పోసుకున్నాను.

"ఇంగ పనికి పోవాలంటే చీకటి పడినాకనే. ఆయప్ప పని దిగి వచ్చి వాలతానే నిద్దరపోతాడు. లేపబుద్ధి కాదు."

ఆముదం రాయడం అయిపోయింది. చేతులు తుడుచుకున్నాను. సీసా మూత బిగించాను. పలక తీసి గోడకు ఆనించాను. మళ్ళీ తీసి ఇటు పెట్టాను. ఖాళీ ముంత ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకొని నిలబడ్డాను.

"అన్నా," అంది, ముఖం ఇటు తిప్పకుండా. "వదిన ఎన్ని దినాలు పడింది?"

ఇప్పటి వరకు ఎవరూ అడగలేదు.

"తొమ్మిది."

"తెలివి ఉండెనా?"

"చివరి రోజు దాకా ఉంది."

"నువ్వేం సేసినావు, ఆ తొమ్మిది దినాలు?"

"ఏమీ చేయలేదు. డాక్టరు మొదటి రోజే చెప్పి వెళ్ళాడు. పక్కన కూర్చున్నాను."

"ఏమన్నా అడిగెనా?"

"టైమెంతైందని అడిగేది. చెప్పేవాణ్ణి."

సుంకమ్మ గడ్డం కింద చేతులు సర్దుకుంది. ఆమె భుజం మీది నల్ల పాయ ఊపిరితోపాటు లేచి పడుతోంది.

"అయితే ఊరికే సామాన్లు సర్దకు," అంది. "వచ్చి కూర్చో."

ముంత కింద పెట్టాను. స్టూలు ఆమె తల పక్కకు జరుపుకొని కూర్చున్నాను.

"ఎంత ఉండాది ఇంగ?"

వంగి చూశాను. బూడిద రంగు వచ్చి ఆగిన చోటు నుంచి భుజం దాకా వేళ్ళు పెట్టి కొలిచాను.

"మూడు వేళ్ళు."

"సరే."

బయట సైరను మోగింది. అద్దాలు వంగుతున్న చప్పుడు వరుస తర్వాత వరుసగా కందకం మీదుగా వెళ్ళింది. ఇద్దరం అది అయిపోయేదాకా విన్నాం. ఆమె కళ్ళు మూసుకునే ఉంది.

"ఇప్పుడన్నా?"

ఇంకోసారి కొలిచాను.

"రెండు," అన్నాను.